బాటా పుట్టిన ఊరు జ్లీన్: అన్న పేరు అందరికీ తెలుసు, మరి తమ్ముడి సంగతి?

ప్రశ్న: "బాటా మన దేశపు కంపెనీ కాదట, నిజమేనా? అది పుట్టిన చెక్ ఊరి చరిత్ర ఏమిటి? ఆ ఊరి ప్రముఖులెవరు?"

నిజమే, మనది కాదు. ఈ మాట చెబితే మా తెనాలిలో ఇప్పటికీ నమ్మేవాళ్లు తక్కువ. బాటా అంటే టాటాలకు దగ్గర చుట్టం అనుకునేవాళ్లు మా బజార్లోనే బోలెడు మంది ఉన్నారు. కంపెనీ పుట్టింది చెక్ దేశంలో తూర్పున, మొరావియా ప్రాంతంలో ఉన్న జ్లీన్ అనే ఊళ్లో. అక్కడి యూనివర్సిటీలో నేను పాలిమర్ల మీద పీహెచ్‌డీ చేశాను. ఆ యూనివర్సిటీ పేరు కూడా తొమాష్ బాటా యూనివర్సిటీయే, 2001లో పెట్టారు. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

ముందు ప్రముఖుల గొడవ తేల్చేస్తాను. జ్లీన్ అని ఎక్కడ వెతికినా డొనాల్డ్ ట్రంప్ మొదటి భార్య ఇవానా ట్రంప్ పేరు ఎదురొస్తుంది. ఆవిడ అక్కడే పుట్టింది, కాదనను. 1949 ఫిబ్రవరిలో. కానీ అప్పటికి ఆ ఊరికి జ్లీన్ అన్న పేరే లేదు. ఆ ఏడాది జనవరి నుంచి కమ్యూనిస్టు ప్రభుత్వం గొట్వాల్దోవ్ అని మార్చేసింది. క్లెమెంట్ గొట్వాల్ట్ అప్పటి దేశాధ్యక్షుడు, ఆయనదేమీ ఆ ఊరు కాదు. ఊరి మీద బాటా నీడ పడకూడదని పెట్టిన పేరు అది. 1990 జనవరి దాకా, 41 ఏళ్లు అదే నడిచింది. మా ఇంటి ఓనరమ్మ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఇప్పటికీ గొట్వాల్దోవ్ అనే ఉంటుంది. ఆఫీసుల్లో కుర్ర క్లర్కులు అది ఎక్కడుంది అని అడిగినప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

ఇక అసలు చరిత్ర. 1322 నుంచే రాతల్లో జ్లీన్ పేరు కనిపిస్తుంది. ఆ తరవాత అయిదారు వందల ఏళ్లపాటు చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. నేతగాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు ఉన్న చిన్న ఊరు. తరతరాలుగా చెప్పులు కుట్టే ఇంట్లో 1876లో తొమాష్ బాటా పుట్టాడు. 1894లో అన్న ఆంతొనీన్, అక్క ఆన్నాతో కలిసి దుకాణం తెరిచాడు. ఏడాది తిరిగేసరికి పీకల దాకా అప్పులు. తోలు కొనడానికి డబ్బుల్లేక గుడ్డతో బూట్లు కుట్టారు. అవి చవకగా, తేలిగ్గా ఉండటంతో ఎగబడి కొన్నారు. మనం పీటీ పీరియడ్‌కి చాక్‌పీసు రుద్ది మరీ తొడుక్కెళ్లిన తెల్ల కాన్వాస్ బూట్లున్నాయి చూశారూ, వాటి వంశవృక్షం అక్కడే మొదలవుతుంది.

1904లో ఆయన అమెరికాలో బూట్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ లిన్ అనే ఊరు వెళ్లి, మామూలు కూలీగా పని చేసి, అక్కడి యంత్రాల పద్ధతి నేర్చుకుని వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి బూట్లు అమ్మి పెద్దవాడయ్యాడు. యుద్ధం అయిపోయాక మార్కెట్టు పడిపోయింది, సరుకు గోడౌన్లలో పేరుకుపోయింది. అప్పుడు, 1922 సెప్టెంబరులో, బూట్ల ధరలన్నీ ఒక్కసారిగా సగానికి దించేశాడు. పనివాళ్ల జీతాలు కూడా బాగా కోశాడు, బదులుగా తిండీ బట్టా కంపెనీ కొట్లలో సగం ధరకి ఇప్పించాడు. ధరల సంగతి అందరూ గొప్పగా చెబుతారు, జీతాల కోత సంగతి దాటేస్తారు. ఏమైతేనేం, జనం క్యూలు కట్టారు. మరుసటి ఏడాదే ఆయన ఊరికి మేయరయ్యాడు. ధర చివర తొమ్మిది అంకె పెట్టడం కూడా ఆయన అలవాటే. మన ఊళ్లల్లో బేరం ఆడటానికి వీల్లేని ధరని బాటా రేటు అంటాం కదా, ఆ మొండితనం ఇక్కడి నుంచే వచ్చింది.

1920ల మొదట్లో అయిదు వేల లోపు జనమున్న ఊరు పదేళ్లలో ఇరవై వేలు దాటింది. అంతమందికీ ఇళ్లు కావాలి. ఎర్ర ఇటుకతో, చదును పైకప్పుతో, డబ్బాల్లాంటి చిన్న చిన్న ఇళ్లు కొండవాలు నిండా కట్టారు. "కలిసి పని చెయ్యి, విడిగా కాపురం ఉండు" అన్నది వాళ్ల నినాదం. మధ్యలో ప్రహరీ గోడలుండవు, గడ్డి మాత్రమే. నేను లెత్నా పేటలో అలాంటి ఇంట్లోనే పై భాగంలో అద్దెకున్నాను. బయటి నుంచి ముద్దుగా ఉంటుంది, ఫోటోలకి బాగుంటుంది. లోపల వంటగది చూస్తే మాత్రం ఏడుపొస్తుంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. కారణం ఏమిటంటే, పనివాళ్లు ఫ్యాక్టరీ క్యాంటీన్లో తినాలి, ఇంట్లో ఆడవాళ్లకి వంట పని తగ్గాలి అని కంపెనీవాళ్ల లెక్క. వాళ్ల లెక్కలో పోపు లేదు. ఆవాలు చిటపటలాడితే చాలు, ఆ వాసన కింద పడగ్గదిలో తేలేది. పులిహోర చేసిన రోజు ఓనరమ్మ కిటికీలన్నీ తెరిచేసేది, జనవరిలో అయినా సరే.

పైగా ఆ ఇల్లు ఊరికే ఇచ్చిన దానం కాదు. ఉద్యోగం పోతే ఇల్లు కూడా పోతుంది. ఎవరింట్లో ఏం జరుగుతోందో కంపెనీ మనుషులు కనిపెట్టుకుని ఉండేవాళ్లు. యూనియన్ అంటే బాటాకి పడేది కాదు. ఫ్యాక్టరీ గోడల మీద పెద్ద అక్షరాలతో నినాదాలు రాయించేవాడు. "రోజుకి 86,400 సెకన్లు" అని ఒకటి. పొద్దున్నే పనికి వస్తూ అది చదివితే మనిషికి ఎంత టెన్షనో ఆలోచించండి. అయితే అదే మనిషి 1924 నుంచి పనివాళ్లకి లాభాల్లో వాటా ఇచ్చాడు, 1927లో పెద్ద ఆస్పత్రి కట్టించాడు, 1930లో వారానికి అయిదు రోజుల పని పెట్టాడు. దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. మా ల్యాబులో ఈ విషయం మీద టీ తాగుతూ వాదించుకునేవాళ్లం. చెక్ కుర్రాళ్లు ఆయన్ని దేవుడంటారు, వాళ్ల తాతలు మాత్రం మౌనంగా ఉంటారు.

1932 జులై 12న తెల్లవారుజామున పొగమంచులో, పక్కనున్న ఓత్రొకొవిట్సే ఎయిర్‌ఫీల్డు నుంచి స్విట్జర్లాండ్ బయలుదేరాడు. విమానం లేచిన కాసేపటికే కూలిపోయింది. ఆయనా, పైలట్టూ ఇద్దరూ పోయారు. ఆయన వయసు అప్పటికి 56. ఏడాదిలో ఊరి మీది గుట్ట మీద అద్దాల గోడలతో స్మారకం కట్టారు. గహురా అనే ఆర్కిటెక్టుది ఆ డిజైను. లోపల ఒక విమానం వేలాడుతూ ఉంటుంది తప్ప ఇంకేమీ ఉండదు. కమ్యూనిస్టులొచ్చాక ఆ విమానం తీసేసి, గోడలు అడ్డుపెట్టి సంగీత కచేరీలకి వాడుకున్నారు. ఈ మధ్యే మళ్లీ పాత రూపానికి తెచ్చి విమానం నమూనా వేలాడదీశారు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు విషయం. జ్లీన్ కథ చెప్పేవాళ్లలో నూటికి తొంభై మంది ఇక్కడితో ఆపేస్తారు. అన్న కట్టాడు, అన్న పోయాడు, తరవాత యుద్ధం, కమ్యూనిస్టులు, అయిపోయింది. మధ్యలో ఏడేళ్లు కంపెనీని నడిపిన సవతి తమ్ముడు యాన్ ఆంతొనీన్ బాటా గాలికి పోయాడు. 1898లో పుట్టాడు, అన్న కన్నా 22 ఏళ్లు చిన్న. అన్న పోయాక కాగితాలు చూస్తే, కంపెనీ తమ్ముడికి అమ్మేసినట్టు రాసి ఉంది. మన కోల్‌కతా పక్కన బాటానగర్ 1934లో మొదలైంది తమ్ముడి హయాంలోనే. ఇంగ్లండ్‌లో ఈస్ట్ టిల్‌బరీ ఫ్యాక్టరీ నిలదొక్కుకున్నదీ అప్పుడే. సినిమా స్టూడియో పెట్టింది కూడా ఆయన కాలంలోనే, 1936లో. బూట్ల ప్రకటనల కోసం పెట్టిన ఆ స్టూడియోలోనే తరవాత కారెల్ జెమాన్, హెర్మీనా తీర్లోవా లాంటి బొమ్మల సినిమాల దిగ్గజాలు పని చేశారు. పిల్లల సినిమాల పండగ ఆ ఊళ్లో 1961 నుంచి జరుగుతోంది.

అన్నిటికన్నా ముఖ్యం, 21వ నంబరు బిల్డింగు. 16 అంతస్తులు, ఎత్తు 77 మీటర్ల పైనే. కార్ఫీక్ అనే ఆర్కిటెక్టు గీశాడు, 1938లో పూర్తయింది. అప్పటికి చెకోస్లొవేకియాలో అంత ఎత్తు కట్టడం లేదు. అందులో ఒక మూల యజమాని ఆఫీసు ఉంది. ఆ ఆఫీసే లిఫ్టు.

మా అమ్మానాన్నలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఇప్పుడు ఆ బిల్డింగులో ప్రాంతీయ ప్రభుత్వ ఆఫీసులూ, పన్నుల ఆఫీసూ ఉన్నాయి. ఫైళ్లు పట్టుకుని తిరిగే జనం మధ్యలోంచి వెళ్లాలి. తలుపు తీస్తే లిఫ్టులా ఉండదు, గదే. నిడివీ వెడల్పూ ఆరు మీటర్ల చిల్లర. ఫ్యాక్టరీ బిల్డింగులన్నిట్లో స్తంభాల మధ్య దూరం కూడా సరిగ్గా అంతే. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద ఫోను, ఎదురుగా కుర్చీలు, వెనక కిటికీ, నున్నటి చెక్క గోడలు. ఒక మూల చేతులు కడుక్కునే సింకు, దానికి వేడినీళ్లూ చన్నీళ్లూ రెండూ. 1938లోనే ఏసీ.

మా నాన్న రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కళ్లు బల్ల మీద పడలేదు, సింకు మీద పడ్డాయి. "ఒరేయ్, కదిలే గదికి నీళ్లెక్కడివిరా?" అన్నారు. గదితో పాటే ట్యాంకు కూడా తిరుగుతుందని నాకు తోచింది చెప్పాను. వంగి సింకు కిందికి తొంగి చూశారు. కాపలా ఉన్నావిడ కంగారుగా రెండడుగులు ముందుకేసింది. అమ్మ "ఆ పైపులు మీకెందుకండీ, ఆవిడ తిడుతుంది" అంటూ చొక్కా పట్టుకుని లాగింది. ఇంతలో గది కదిలింది. కుదుపు లేదు, మెల్లగా, పైకి పోతున్నట్టే తెలియదు. కిటికీలోంచి చూస్తేగాని అర్థం కాలేదు.

పైకి వెళ్లాక నాన్న ఒక మాటన్నారు. "ఇది ఆఫీసు కాదురా. స్కూల్లో నేను గదిలో కూర్చోకుండా వరండాలో కుర్చీ వేసుకు కూర్చునేవాణ్ణి గుర్తుందా? మేష్టర్లందరూ బెల్లు కొట్టకముందే క్లాసులో ఉండేవాళ్లు. ఇదీ అంతే." గైడు పుస్తకాల్లోనేమో, యజమాని ఉద్యోగుల దగ్గరికే వచ్చి వాళ్ల సమయం ఆదా చేసేవాడు అని తీపిగా రాస్తారు. నేను మా నాన్న మాటే నమ్ముతాను. ఏ అంతస్తులో ఏ నిమిషాన తలుపు తెరుచుకుని పెద్దాయన కనిపిస్తాడో తెలియని ఆఫీసులో ఎవడు కునుకు తీస్తాడు?

ఈ లిఫ్టు కట్టించింది తమ్ముడు. వీడియోలు చేసేవాళ్లు మాత్రం "తొమాష్ బాటా తన కోసం కట్టించుకున్న లిఫ్టు ఆఫీసు" అని ఊదరగొడతారు. బిల్డింగు పూర్తయ్యేసరికి ఆయన పోయి ఆరేళ్లు. ప్రాగ్‌లో మూడు రోజులు తిరిగి, ఒక్క పూట జ్లీన్‌కి వచ్చి, ఒకడు చెప్పింది ఇంకొకడు చూసి చెప్పడమే తప్ప, శిలాఫలకం మీద సంవత్సరం చదివే ఓపిక ఎవరికీ లేదు.

తమ్ముడైనా ఆ గదిలో ఎంతకాలం కూర్చుని ఉంటాడు? 1939లో జర్మన్లు దేశాన్ని మింగేశారు, అదే ఏడాది ఆయన అమెరికా వెళ్లిపోయాడు. అక్కడి నుంచి బ్రెజిల్. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్యాక్టరీకి యజమాని కాబట్టి మిత్రరాజ్యాలు బ్లాక్ లిస్టులో పెట్టాయి. 1944 నవంబరులో అమెరికా విమానాలు జ్లీన్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. 1945లో ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది. 1947లో ఆయన లేకుండానే విచారణ జరిపి 15 ఏళ్ల జైలు వేశారు, ఆస్తులు జప్తు చేశారు. ఫ్యాక్టరీ పేరు స్విత్ అని మారింది. మరోవైపు విదేశాల్లోని కంపెనీ ఎవరిదన్న దాని మీద అన్న కొడుకుతో ఏళ్ల తరబడి కోర్టు గొడవలు, చివరికి అక్కడా తమ్ముడికి దక్కలేదు. బ్రెజిల్‌లో బాతాతూబా లాంటి ఊళ్లు కట్టించి, 1965లో అక్కడే పోయాడు. ఆ తీర్పు తప్పని చెక్ కోర్టు ఒప్పుకున్నది ఎప్పుడో తెలుసా? 2007లో. మనిషి పోయిన 42 ఏళ్లకి.

అన్న కొడుకు, ఆయన పేరు కూడా తొమాషే, కెనడా నుంచి 1989 డిసెంబరులో జ్లీన్‌కి తిరిగొస్తే వేల మంది చౌరస్తాలో గుమిగూడి స్వాగతం పలికారు. ఆ ఫోటోలు ఊళ్లో ఇప్పటికీ చూపిస్తారు. రాజుగారి అబ్బాయి తిరిగొచ్చాడన్న సంబరం అందులో కనిపిస్తుంది. బాబాయికి అలాంటి రోజు రాలేదు. అన్న పేరుకి యూనివర్సిటీ ఉంది, తమ్ముడి పేరు చెబితే మా బ్యాచ్‌లో సగం మందికి తెలియదు. ఇది అన్యాయం అని నేను ఎక్కడైనా చెబుతాను.

ప్రముఖుల్లో ఇంకొక్కరి గురించి చెప్పకపోతే మనసొప్పదు, ఎందుకంటే ఆ కథలో మన దేశం ఉంది. నాటక రచయిత టామ్ స్టాపార్డ్ 1937లో జ్లీన్‌లోనే పుట్టాడు, అసలు పేరు తొమాష్ స్ట్రాస్లర్. తండ్రి బాటా ఆస్పత్రిలో డాక్టరు, యూదు. 1939లో జర్మన్లు వస్తున్నారనగా కంపెనీ తన యూదు డాక్టర్లను విదేశాల్లోని శాఖలకి పంపేసింది. వీళ్లకి సింగపూర్ వచ్చింది. 1942లో జపాన్ సేనలు మీద పడినప్పుడు తల్లీ ఇద్దరు కొడుకులూ ఓడెక్కి మన దేశం చేరారు. వెనక ఉండిపోయిన తండ్రి బతకలేదు. డార్జిలింగ్‌లో ఆ తల్లి ఏం ఉద్యోగం చేసిందనుకున్నారు? బాటా షాపు మేనేజరు! తరవాత ఒక బ్రిటిష్ మేజర్ని పెళ్లి చేసుకుంది, పిల్లలకి స్టాపార్డ్ అన్న ఇంటిపేరు అలా వచ్చింది. తాతలూ అమ్మమ్మా నాయనమ్మా అందరూ నాజీల చేతుల్లో పోయారన్న సంగతి ఆయనకి యాభై దాటాక గాని తెలియలేదు. 1990ల్లో చెక్ దేశం వెళ్లినప్పుడు, జ్లీన్ ఆస్పత్రి పెద్ద డాక్టరు ఆల్బర్ట్ కూతుళ్లను కలిశాడు. వాళ్లలో ఒకావిడకి చిన్నప్పుడు గాజు గుచ్చుకుని చెయ్యి తెగితే డాక్టర్ స్ట్రాస్లరే కుట్లు వేశాడట. ఆవిడ చెయ్యి చాపితే ఆయన ఆ మచ్చని తాకి చూశాడు. తండ్రిది ఆయనకి మిగిలిన గుర్తు అదొక్కటే అని స్వయంగా రాసుకున్నాడు.

మిగతావాళ్లు టూకీగా. పరుగుల వీరుడు ఎమిల్ జాతోపెక్ ఆ ఊళ్లో పుట్టలేదు, కానీ బాటా ఫ్యాక్టరీ కుర్రాడే. 1941లో ఫ్యాక్టరీ కోచ్ బలవంతాన పందెంలో దింపితే రెండోవాడిగా వచ్చాడు, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5 వేల, 10 వేల మీటర్లూ, మారథానూ మూడూ గెలిచాడు. ఆర్కిటెక్టు ఎవా యిరిచ్‌నా జ్లీన్‌లోనే పుట్టి లండన్ వెళ్లిపోయింది. మా యూనివర్సిటీ సెంటర్ ఆవిడ డిజైనే, లైబ్రరీ కూడా అందులోనే. చలికాలం నా థీసిస్ సగం అక్కడే రాశాను, హీటర్ బిల్లు మిగిలింది.

వెళ్లాలనుకుంటే, ప్రాగ్ నుంచి వచ్చే పెద్ద రైళ్లు చాలావరకు జ్లీన్‌లోకి రావు, ఓత్రొకొవిట్సేలో దిగి చిన్న రైలో, ట్రాలీబస్సో పట్టుకోవాలి. లగేజీ తక్కువ పెట్టుకోండి. ముందు పాత ఫ్యాక్టరీ ఆవరణలోని 14, 15 బిల్డింగులకి వెళ్లండి, అక్కడ బూట్ల మ్యూజియం ఉంది. ఆ తరవాత లిఫ్టు. శాకాహారులైతే పెరుగన్నం డబ్బా వెంట ఉంచుకోండి. ఇక ఇంట్లో కూర్చుని వీడియోలే చూస్తాం అంటారా, ఎవరైనా "తొమాష్ బాటా లిఫ్టు" అని పెడితే కింద కామెంట్లో 1932 అని ఒకసారి, 1938 అని ఒకసారి రాయండి, చాలు.